నాలుగడుగుల నీళ్ళు

మార్జరీ పోయిందన్న కబురు ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఆస్ట్రేలియాలో మేముండే పాయింట్ కుక్‌లో, మా వంటగదిలో నిలబడి ఆ మాట విన్నాను. పొయ్యి కట్టేసి కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఆ సాయంత్రం టూవూంబాకి ప్రయాణం చూసుకుంటుంటే మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగి చూసి, “మమ్, హూ వాజ్ షీ టు యూ? యువర్ ల్యాండ్‌లేడీ?” అని అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. “ఆఁ, నేను చదువుకునేప్పుడు వాళ్ళింట్లో ఉండేదాన్నిలే,” అన్నాను. అబద్ధమేమీ కాదు. కానీ విమానం ఎక్కి కూర్చున్నాక, ఆ రెండేళ్ళకి ఆ జవాబు సరిపోదనిపించింది. ఆ ఇంట్లో నేను ఒక ఓడ చరిత్ర రాశాను. సముద్రం జాడే లేని కొండమీది ఊళ్ళో, అన్నాల బల్ల దగ్గర కూర్చుని, కళ్ళు కనపడని ఒక పెద్దాయన చెబుతుంటే రాశాను.

ఆ ఇల్లు చూపించింది సుగుణ ఆంటీ. గుంటూరు వైపు మనిషి. భర్త అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆ రోజుల్లో టూవూంబాలో తెలుగువాళ్ళంటే నాకు తెలిసినంతవరకు వాళ్ళ కుటుంబమూ నేనూ. మొదటి సెమిస్టర్లో నేను ఒక సబ్జెక్టు తప్పాను. కంప్యూటర్ చదువుదామని విశాఖపట్నం నుంచి అంత దూరం వచ్చినదాన్ని, ఆ మాట నాన్నగారికి రాయలేక రెండు వారాలు ఉత్తరమే రాయలేదు. పంచుకున్న గదిలో తోటి అమ్మాయిల పాటల హోరు ఒకవైపు, నా ఏడుపు ఒకవైపు. ఆంటీ నన్ను చర్చిలో చూసి సంగతి పసిగట్టి, వచ్చే ఆదివారానికల్లా ఇల్లు మాట్లాడేసింది. “మార్జరీ, లెన్ అని పెద్దవాళ్ళు. మంచోళ్ళే అమ్మాయ్. యూనికి బస్సు వాళ్ళ స్ట్రీట్ చివర్నే ఆగుద్ది. ఒక్కటే, కర్రీ స్మెల్ వాళ్ళకి పడుద్దో లేదో నేను గ్యారంటీ ఇవ్వలేను. ఫస్ట్ మంత్ మటుకు ఆ ఎండుచేపలు బైటికి తియ్యమాక,” అంది, నా పెట్టె సంగతి తెలిసినట్టు.

కర్ర స్తంభాల మీద లేపి కట్టిన చెక్క ఇల్లు అది. చుట్టూ వరండా. వానపడితే పెరట్లో ఎర్రమట్టి చెప్పులకు పట్టుకుని వదిలేది కాదు. చలికాలం పొద్దున్నే కొండ కింద నుంచి పొగమంచు లేచి వచ్చి కిటికీల దగ్గర ఆగిపోయేది. లోపల కిరసనాయిలు హీటరు వాసన, దాని మీద ఆరేసిన ఊలు మేజోళ్ళ వాసన, ఆదివారమైతే పొయ్యిలో కాలే గొర్రెమాంసం వాసన కలిసిపోయి ఉండేవి. ఆ మాంసం నుంచి కారిన కొవ్వుని మార్జరీ ఒక రేకు డబ్బాలోకి వంపి, గడ్డకట్టాక వారమంతా దానితోనే బంగాళాదుంపలు వేయించేది. టీ కుండకి ఊలు టోపీ తొడిగి సరిగ్గా నాలుగు నిమిషాలు ఆగేది. ఆ నాలుగు నిమిషాలూ ఎవరూ కప్పు ముట్టుకోకూడదు. లెన్ ఐదున్నరకే లేచి గడ్డం గీసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా బూట్లకు పాలిష్ పెట్టుకుని, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నలభైసార్లు నడిచేవాడు. ఆయనకి చూపు మధ్యభాగం మసకబారిపోయి, పక్కలే కనిపించేవి. మనిషి ముఖం చూడాలంటే పక్కకి తిరిగి చెవి వైపు చూసేవాడు. కొత్తలో ఆయన నాతో మాట్లాడుతున్నాడో, గోడతో మాట్లాడుతున్నాడో తెలిసేది కాదు. “సర్” అంటే కోప్పడేవాడు. తాతగారి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు అలవాటు పడేసరికి నెల పట్టింది.

మూడో వారంలో నా నాలుక తిరగబడింది. మార్జరీ దగ్గరికి వెళ్ళి, నా దేశం వంట ఒకటి ఉంది, వాసన బలంగా ఉంటుంది, బయట వండుకోవచ్చా అని అడిగాను. ఆవిడ పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి చూపించి, “ఎంత దూరంగా వండితే అంత మంచిది,” అంది నవ్వుతూ. నేను ఎండు నెత్తళ్ళు ఉల్లిపాయలతో వేయిస్తున్నాను. వరండాలో నడుస్తున్న లెన్ ఆగిపోయాడు. ఆగి, మెట్లు తడుముకుంటూ దిగి వచ్చి, నా పక్కన నిలబడి గాలి పీల్చాడు. నేను క్షమాపణ చెప్పబోయాను.

“ఈ వాసన నాకు తెలుసు,” అన్నాడు. “ఇది వైజాగ్.”

నేను మూకుడు దించాను. ఇండియాలో ఎక్కడ అని అడిగినప్పుడు ఎవరికీ తెలియదులే అని మద్రాసు దగ్గర అని చెప్పేసేదాన్ని. “నాది వైజాగే,” అన్నాను. ఆయన నా చెవి వైపు చాలాసేపు చూశాడు. “ఆ రేవులో మేము మూడు వారాలు ఉన్నాం. ఒడ్డున చేపలు ఆరబోసేవారు. ఓడ మొత్తం అదే వాసన,” అన్నాడు. ఆ రోజు ఆయన నా పళ్ళెంలోంచి రెండు చేపలు తీసుకుని తలతో సహా తిన్నాడు. మార్జరీ కిటికీలోంచి చూసి తల అడ్డంగా ఊపింది.

మర్నాడు సాయంత్రం బల్ల మీద ఒక పాత బిస్కట్ డబ్బా ఉంది. అందులో అరచేతి పొడవున్న నోటుపుస్తకాలు ఐదు, అట్టలకు నూనె మరకలు. లెన్ ఇంగ్లండులో పుట్టినవాడు. పద్దెనిమిదేళ్ళకే అక్కడి నౌకాదళంలో చేరి, యుద్ధం ఆఖరులో ట్యాంకులు దించే ఓడ మీద నావికుడిగా పనిచేశాడు. ఆ ఓడకి పేరు కూడా లేదు, నంబరే. పొడవాటి ఇనుప పెట్టె లాంటిది. ట్యాంకులనూ లారీలనూ కడుపులో పెట్టుకుని నేరుగా ఒడ్డు ఇసుకకి గుద్దుకుని, ముందువైపు తలుపులు తెరిచి, వాలుగా ర్యాంపు దించితే, లోపలివి నడుచుకుంటూ దిగిపోతాయి. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి చిన్న అలకి కూడా తాగినవాడిలా తూలేదట. ఆ ఓడవాళ్ళు ఏడాదికొకసారి బ్రిస్బేన్‌లో కలుసుకుంటారు. మనుషులు తగ్గిపోయారు, ఈ ఏడాదితో ఆపేద్దామనుకున్నారు. ఈలోగా ఓడ చరిత్ర ఎవరో ఒకరు రాయాలి. నౌకాదళం నుంచి తెప్పించుకున్న వివరాలు ఒకటిన్నర పేజీ ఉన్నాయి. ఏ రేవు నుంచి ఏ రేవుకి వెళ్ళిందో తప్ప అందులో మనిషన్నవాడు లేడు. మిగతాదంతా ఈ డబ్బాలో ఉంది. రాసినవాడికే ఇప్పుడది కనపడదు.

“నీకు టైపు వచ్చు కదా?” అన్నాడు.

అలా మొదలైంది. ఆర్వోలో, అంటే మధ్యాహ్నం దాటాక, బస్సు దిగి ఇంటికి రాగానే మార్జరీ టీ, బల్లకి అటు లెన్, ఇటు నేను. నేను నోటుపుస్తకం చదివేదాన్ని, ఆయన దానికి వెనకా ముందూ చెప్పేవాడు, నేను కాగితం మీద రాసుకుని మర్నాడు యూనిలో కంప్యూటర్ లాబులో టైపు చేసేదాన్ని. ఓడ ఇంగ్లండులో ఒక నదిలోకి దిగిన పొద్దున కురిసిన వాన దగ్గర నుంచి, తుపానులో ట్యాంకు ఒకటి గొలుసు తెంపుకుని గోడకి గుద్దుకోవడం, వంటవాడు రొట్టెలో పురుగులను సోంపు గింజలని బుకాయించడం దాకా ఆ పుస్తకాల్లో లేనిది లేదు. యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా నౌకాదళం ఆ ఓడని అరువు తెచ్చుకుంది. ఓడవాళ్ళు కొందరితో పాటు లెన్ కూడా ఈ నౌకాదళానికే మారిపోయాడు. “నన్నూ అరువు తెచ్చుకున్నారు, తిరిగివ్వడం మర్చిపోయారు,” అనేవాడు. ఉత్తరాన దీవుల నుంచి సామాను మోసుకొచ్చారు. మిగిలిపోయిన ఫిరంగి గుళ్ళను నడిసముద్రంలోకి తీసుకెళ్ళి, ఒక్కొక్కటే దొర్లించి ముంచేశారు. చివరికి ఓడని తుక్కు కింద ముక్కలు చేశారు. ఆ కబురు తెలిసిన రోజు లెన్ మార్జరీని మొదటిసారి డ్యాన్సుకి తీసుకెళ్ళాడట. “అంతసేపూ మొహం వేలాడేసుకునే ఉన్నాడు, నా డ్యాన్సు బాగాలేదేమో అనుకున్నాను,” అని మార్జరీ వంటగదిలోంచి అందించింది.

నాకు ఆ గంట కోసం రోజంతా ఎదురుచూడటం అలవాటైంది. తప్పిన సబ్జెక్టు మళ్ళీ చదువుతుంటే కూడా ఏదో తెలిసిన దారిలో నడుస్తున్నట్టుండేది. రోజూ ఒక పెద్దాయన నా మీద ఆధారపడి కూర్చుంటే, నేను దేనికీ పనికిరానిదాన్ని అనుకోవడానికి తీరిక దొరకలేదు.

నాలుగో పుస్తకం మధ్యలో ఒక పేజీ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలే, ఇంగ్లీషు మాత్రం కాదు. నేను కూడబలుక్కుంటూ పైకి చదివాను. నీల్లు. తిన్నావా. ఎల్దాం. మెల్లగ. చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “లెన్, ఇది మా భాష!” అన్నాను. ఈ దేశం వచ్చాక నేను అంత గట్టిగా అరవడం అదే మొదలు. మార్జరీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

లెన్ మాత్రం కదల్లేదు. “తర్వాతి పేజీ వద్దు,” అన్నాడు. కప్పు పక్కకి జరిపి, “సరే, చదువు,” అన్నాడు.

విశాఖపట్నంలో వాళ్ళ ఓడ లారీలనూ వాటి డ్రైవర్లనూ ఎక్కించుకుంది. మన సైనికులే. మలయా ఒడ్డున దిగాలి. దారిలో ఉండగానే యుద్ధం అయిపోయింది, అయినా వేసుకున్న పథకం ప్రకారం దిగాల్సిందే అన్నారు. ఆ డ్రైవర్లలో అప్పారావు అనే అతను లెన్‌కి రోజుకొక మాట నేర్పేవాడు. లెన్ అతనికి ఇంగ్లీషు తిట్లు నేర్పేవాడు. ఒడ్డు చేరాక, ర్యాంపు చివర కుడివైపు నిలబడి కర్రతో లోతు చూసి చెప్పడం లెన్ పని. నాలుగడుగుల దాకా అయితే లారీలు నీళ్ళలో దిగగలవు, నీళ్ళు చొరకుండా ఇంజన్లకు జిగురు ముద్ద పూసి సిద్ధం చేశారు. లెన్ కర్ర దించాడు, నాలుగడుగులు అని అరిచాడు. మొదటి లారీ అప్పారావుది. దిగింది. పదిగజాలు వెళ్ళి ముక్కు కిందికి వాలింది. అక్కడ ఇసుక కాదు, బురద. లారీ మొత్తం మునిగిపోయింది.

“నేనూ ఇంకో నావికుడూ దూకాం. తలుపు తెరుచుకోలేదు. బయటికి లాగేసరికి ఊపిరి లేదు. ఒడ్డున పడుకోబెట్టి నొక్కాక దగ్గాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. ఆ మాట అలాగే రాసుకున్నాను. నీళ్ళు పెరిగి ఓడ వెనక్కి వెళ్ళిపోయింది. బతికాడో లేదో నాకు తెలియదు.” లెన్ ఇదంతా టీ కుండతో చెబుతున్నట్టు చెప్పాడు. “ఏమన్నాడో మాత్రం ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. నన్ను తిట్టి ఉంటాడు. తిట్టాలి కూడా.”

పేజీ అడుగున పెద్ద అక్షరాల్లో ఉంది. నేను దాన్ని మూడుసార్లు లోపల చదువుకున్నాను, తప్పు చెప్పకూడదని. అది మా వీధిలో, మా రేవులో, మా ఇంటికి పాలు తెచ్చే మనిషి నోట నేను రోజూ విన్న మాటే.

“పర్లేదు బాబూ,” అని చదివాను. “లెన్, ఇది తిట్టు కాదు. ఏం ఫరవాలేదు, బాధపడకు అని చెప్పాడు.”

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. నడవలేదు, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. మార్జరీ నా ఎదురుగా కూర్చుంది. “నలభై అయిదేళ్ళ కాపురం. నాకీ సంగతి తెలియదు,” అంది. తర్వాత తన కోటు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళి భుజాల మీద కప్పింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

ఆ వారమే నాన్నగారికి ఉత్తరం రాశాను. సబ్జెక్టు తప్పిన సంగతి మొదటి పేరాలో రాసేశాను, ఇక దాచడానికి నాకు ఓపిక లేకపోయింది. మిగతా మూడు పేజీలూ అప్పారావు గురించే. పుస్తకంలో అతని ఊరు ఉంది, లెన్ రాసుకున్న ఉచ్చారణని బట్టి కొత్తవలస. నాన్నగారు రిటైరైన హెడ్‌మాస్టరు. నా సబ్జెక్టు గురించి ఒకే వాక్యం రాశారు: “మళ్ళీ రాయి, ఈసారి వస్తుంది.” అప్పారావు గురించి మాత్రం, “మన వైపు కొత్తవలసలు ఒకటా రెండా? అప్పారావులు ఇంటికొకరు. అయినా చూస్తాను,” అన్నారు. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కేవారట. మొదటి కొత్తవలసలో ఎవరికీ తెలియదు. రెండో చోట పట్టాళానికి వెళ్ళినవాళ్ళే లేరు. మూడోది విజయనగరం దాటాక చిన్న ఊరు. అక్కడి ఉత్తరం నాకు రెండు నెలల తర్వాత అందింది. టీ కుండకి ఊలు టోపీ తీయకుండానే నేను దాన్ని లెన్‌కి ఇంగ్లీషులో చెబుతూ చదివాను.

ఆ ఊరి నుంచి డ్రైవరుగా పట్టాళానికి వెళ్ళి తిరిగొచ్చిన అప్పారావు ఒకాయన ఉండేవాడు. జూటు మిల్లు లారీ తోలేవాడు. ముగ్గురు పిల్లలు. నాలుగేళ్ళ కిందట ముసలితనంతో పోయాడు. మీ ఆయన ఎప్పుడైనా నీళ్ళలో పడ్డాడా అని నాన్నగారు ఆయన భార్యని అడిగితే ఆవిడ చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాశారు. “అది నాకు సెప్పనేదు బాబూ. సముద్ర స్నానానికి ఊరంతా ఎల్తే ఆడు ఒడ్డునే కూకునీవోడు. కాళ్ళకాడికి నీరొస్తే ఎనక్కి జరిగిపోయీవోడు. ఎందుకురా అని ఊరోల్లంటే నవ్వీసీవోడు.”

“ఆయనే అనడానికి ఇది సాక్ష్యం కాదు,” అని నాన్నగారు చివర రాశారు. “కానీ నేను ఆయనే అనుకుని ఇంటికి వచ్చాను.”

“ముగ్గురు పిల్లలా?” అన్నాడు లెన్. ముగ్గురని చెప్పాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.

ఆ పేజీ పుస్తకంలో పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. అది ఓడ చరిత్ర, తన సొంత గోడు కాదన్నాడు. నౌకాదళం కాగితంలో ఆ రోజు గురించి ‘వాహనాలు దించడమైనది’ అని ఉంది కదా, అది చాలన్నాడు. మొదటిసారి నేను ఆయనకి ఎదురు చెప్పాను. “అది చాలదు కాబట్టే కదా మీరు నన్ను రాయమన్నారు?” అన్నాను. మార్జరీ వంటగదిలోంచి, “అమ్మాయి చెప్పింది నిజమే, లెన్,” అంది. ఆయన ఒక షరతు పెట్టాడు. ‘అతను ఇల్లు చేరాడని మేము నమ్ముతున్నాం’ అని రాయాలి, తెలుసు అని రాయకూడదు. అలాగే రాశాను.

బ్రిస్బేన్‌లో ఆ సమావేశానికి వచ్చినవాళ్ళు పదకొండుమంది. కోట్లకి పతకాలు, చేతుల్లో కర్రలు, చెవుల్లో యంత్రాలు. భోజనాలయ్యాక ఏదైనా ఒక పేజీ చదవమన్నారు. లెన్‌కి చూపు లేదు కాబట్టి నేను లేచాను. ఏ పేజీ చదవాలని అడిగితే, “నీకు తెలుసు,” అన్నాడు. చీర కట్టుకుని, ఆ ముసలి నావికుల ముందు నేను మలయా ఒడ్డు పేజీ చదివాను. చివరి మాట తెలుగులోనే చదివి, అర్థం చెప్పాను.  చివరి బల్ల దగ్గర నుంచి జార్జ్ అనే బక్కపలచని మనిషి లేచి, అందరినీ తప్పించుకుంటూ లెన్ దగ్గరికి వచ్చాడు.

“ఎడమవైపు కర్ర పట్టుకున్నది నేను, లెన్. నాకూ నాలుగడుగులే తగిలింది,” అన్నాడు. “నేనూ ఎవరికీ చెప్పలేదు.”

లెన్ మొహం ఎటూ తిప్పలేదు. చెయ్యి చాచి గాలిలో వెతికాడు. జార్జ్ ఆ చేతిని పట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం బస్సు ఎక్కే వరకూ ఆ ఇద్దరినీ ఎవరూ కదపలేదు.

ఇప్పుడు పాయింట్ కుక్‌లో మా వీధిలో ఏడు తెలుగు ఇళ్ళున్నాయి. నెత్తళ్ళు పావుగంట దూరంలో దొరుకుతాయి. నాన్నగారి మూడు ఆదివారాలూ రెండు నెలల టపా చేసిన పని, మా అమ్మాయి ఫోన్లో అరగంటలో చేసేయగలదు. అది మంచిదే, నాకు పాత రోజుల మీద బెంగ లేదు. కానీ పరాయి ఇంట్లో సాయంత్రం గంటసేపు ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని, ఆయన మాట కోసం ఆగడం నాకు ఆ రెండేళ్ళు నేర్పింది. తర్వాత నేను కంప్యూటర్లు వదిలి పాత కాగితాలు భద్రపరిచే ఉద్యోగంలో చేరడానికి అదే కారణం. జీవితంలో నాకు అన్నం పెట్టింది ఆ బల్లే అనుకుంటాను.

మార్జరీ అంత్యక్రియల ఆరాధన అయ్యాక, లెన్ కూడా ఎన్నడో వెళ్ళిపోయిన ఆ ఇంటి వరండాలో కాసేపు కూర్చున్నాను. నా పట్టా ప్రదానానికి నాన్నగారు వచ్చినప్పుడు కూర్చున్నది అక్కడే. మార్జరీ టీ తెచ్చింది. లెన్, నాన్నగారు పక్కపక్కన కూర్చుని వాన గురించి, జీర్ణశక్తి గురించి మాట్లాడుకున్నారు. ఓడ ఊసు ఎవరూ ఎత్తలేదు. కప్పులు ఖాళీ అయ్యాక లెన్ గొంతు సవరించుకున్నాడు.

“ఆ ఊళ్ళో ఆవిడ... మీకు భోజనం పెట్టిందా?”

నాన్నగారు ఆశ్చర్యపోయారు. “పెట్టకుండా ఎలా పంపుతుంది? నేను ఎవరి తరఫున వచ్చానో చెప్పాకే కదా విస్తరి వేసింది. అన్నం, ములక్కాడల పులుసు. చాలు అంటే వినలేదు, మారు వడ్డించింది.”

“మారు వడ్డించిందా,” అన్నాడు లెన్. ఆ మాట తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, బూట్లు ముందుకు చాపుకుని కళ్ళు మూసుకున్నాడు. నాన్నగారు ఆయన ఒళ్ళోంచి జారబోతున్న కప్పుని మెల్లగా తీసి, చప్పుడు కాకుండా నేలమీద పెట్టారు.